వెనక టైరు లోపలి అంచు: నల్లగొండలో ఒక 718 కేమన్‌కు టైర్లు మార్చిన కేసు

బండి పోర్షా 718 కేమన్ స్పోర్ట్స్ కారు, 2018 రిజిస్ట్రేషన్, ఇప్పుడు రెండో ఓనరు చేతిలో ఉంది. ఓడోమీటరు 31,400 కిలోమీటర్లు. అలాయ్‌లు 19 ఇంచులవి. ముందు 235/40 జెడ్‌ఆర్ 19, వెనక 265/40 జెడ్‌ఆర్ 19 (వరసగా మి.మీ.లో వెడల్పు, అందులో పక్క గోడ ఎత్తు శాతం, రిమ్ము ఇంచులు). ఓనరు నల్లగొండలో డాక్టరు. వారానికోసారి నార్కట్‌పల్లి మీదుగా హైదరాబాదు పోయి వస్తారు. నెలకో రెండు నెలలకో దేవరకొండ, డిండి మీదుగా శ్రీశైలం ఘాటు ఎక్కుతారు. చెన్నై, కోయంబత్తూరు రేసు ట్రాకుల మీద తిప్పే ఆలోచన లేదు. బండి చూసింది 2025 సెప్టెంబరులో.

ఫిర్యాదు ఆయన మాటల్లోనే: "చిట్యాల దాటినంక వాన పడితే 80 మీదనే బండి ఎనక తేలినట్టు అయితుంది. ఎండల మంచిగనే ఉంటది. టైర్లు చూస్తే ఇంకా బటన్ ఉంది. మంచి గ్రిప్ ఉన్న కంపెనీ చెప్పుండ్రి, నాలుగూ ఏసేద్దాం."

ఈ ఫిర్యాదులో అసలు సంగతి "టైర్లు చూస్తే ఇంకా బటన్ ఉంది" అన్న మాటలో ఉంది. బటన్ అంటే నేలకు ఆనే గాడుల రబ్బరు.

కొలిస్తే తేలింది

లోతు గేజీతో ఒక్కో టైరుకు మూడు చోట్ల కొలవాలి: బయటి గాడి, నడిమి గాడి, లోపలి గాడి. చుట్టుకొలత మీద కూడా మూడు నాలుగు చోట్ల తిప్పి చూడాలి. ముందు చక్రాలదైతే స్టీరింగు పూర్తిగా తిప్పితే లోపలి అంచు కంటికి కనబడుతుంది. వెనకవి తిరగవు. 265 వెడల్పు టైరును నిలబడి చూస్తే బయటి సగమే కనబడుతుంది. అందుకే బండి లేపాలి, లేదంటే ఫోను కింద పెట్టి ఫొటో తీసి చూడాలి.

ముందు ఎడమ: బయట 3.6, నడుమ 3.9, లోపల 3.4 మి.మీ. ముందు కుడి దాదాపు అంతే. కానీ బయటి సైడ్‌వాల్ (పక్క గోడ) మీద అరచేతిలో పట్టే నిమ్మకాయ సగమంత బుడగ. ముందు రెంటి మీదా తారీకు ముద్ర 4217, అంటే 2017లో 42వ వారం. బండితో వచ్చిన టైర్లే, ఎనిమిదేళ్లు కావస్తున్నాయి. గాడుల అడుగున సన్నటి పగుళ్లు. రబ్బరు గట్టిదనం కొలిచే షోర్ గేజీ పెడితే 78 చూపించింది. ఈ తరహా కొత్త టైరు మామూలుగా 60ల్లో ఉంటుంది.

వెనక ఎడమ: బయట 4.1, నడుమ 2.9, లోపల గాడే లేదు. లోపలి అంచున జానెడు మేర వైరు తేలింది. వెనక కుడి: బయట 4.0, నడుమ 3.0, లోపల 1.1. వెనకవి వేరే కంపెనీవి, 2021లో తయారైనవి, పోర్షా ఆమోదించిన 'ఎన్' గుర్తు లేదు. సర్వీసు పుస్తకం ప్రకారం 19,000 దగ్గర వేసినవి, అంటే 12,000 కిలోమీటర్లకే ఈ గతి.

మన దగ్గర కారు టైరుకు చట్టం ఒప్పుకునే కనీస లోతు 1.6 మి.మీ. బయట 4.1 ఉన్న టైరు ఆ లెక్కలో పాసయినట్టే కనబడుతుంది. లోపలివైపు అది ఎప్పుడో ఫెయిలయింది.

వానలోనే ఎందుకు

ఈ బండికి వెనక చక్రాలు తయారీలోనే పైభాగం కొద్దిగా లోపలికి వంగి ఉంటాయి. దాన్నే నెగెటివ్ క్యాంబర్ అంటారు. మలుపులో బాడీ ఒరిగినప్పుడు బయటివైపు చక్రం నేలకు చదునుగా ఆనడానికి ఆ ఏర్పాటు. దీనివల్ల తిన్నటి రోడ్డు మీద బరువు ఎక్కువగా లోపలి భుజం మీద పడుతుంది. ఎన్‌హెచ్ 65 లాంటి తిన్నటి నాలుగు లేన్ల రోడ్డు మీద వెనక టైరు నడిచేదంతా లోపలి సగం మీదనే అనుకోవచ్చు. నీళ్లు తోడాల్సిన గాడులు సరిగ్గా అక్కడే పోయాయి. బయట మిగిలిన 4 మి.మీ. గాడికి ఆ సమయంలో పెద్దగా పని లేదు.

ఎండలో నున్నటి రబ్బరు కూడా పట్టుకుంటుంది, నిజానికి ఇంకొంచెం ఎక్కువే పట్టుకుంటుంది. అందుకే "ఎండల మంచిగనే ఉంటది". మీడియన్ పక్కన నీళ్లు నిలిచిన చోట వెడల్పు టైరుకు కింది నీటిని పక్కకి నెట్టే దారి లేకపోతే, చక్రం నీటి పొర మీదికి ఎక్కుతుంది. వెడల్పు పెరిగేకొద్దీ ఈ ప్రమాదం తక్కువ వేగంలోనే మొదలవుతుంది. మామూలు హ్యాచ్‌బ్యాక్ 165 టైరుకు 3 మి.మీ. లోతు చాలినా, 265కు చాలదు. ఇంజను వెనక సీటు చోట ఉన్న బండిలో వెనక యాక్సిల్ జారితే సర్దుకునే టైము చాలా తక్కువ.

12,000కే లోపలి అంచు పోవడానికి క్యాంబర్ ఒక్కటే కారణం కాదు. ఉత్త క్యాంబర్ టైరును ఏటవాలుగా, నిదానంగా తింటుంది. త్వరగా తినేది టో, అంటే పైనుంచి చూస్తే చక్రం లోపలికో బయటికో తిరిగి ఉండే కోణం. వెనక ఎడమ టైరు మీద అరచేయి అడ్డంగా రుద్దితే ఒకవైపు నున్నగా, ఎదురువైపు రంపంలా తగిలింది. అది టో తప్పిందనడానికి చేతికి దొరికే సాక్ష్యం. స్టీరింగు కూడా తిన్నగా పోతున్నప్పుడు కొద్దిగా ఎడమకి ఒరిగి ఉంది. అంతకుముందు అలైన్‌మెంటు చేయించిన కాగితం చూస్తే ముందు చక్రాల టో మాత్రమే సర్దారు, వెనక కొలతల గడులు ఖాళీ. వెనక సస్పెన్షన్ సర్దగలిగే బండికి నాలుగు చక్రాల అలైన్‌మెంటు కాకుండా ముందు రెండే చేస్తే, వెనక తప్పును స్టీరింగు ఒరుగుడుగా మార్చినట్టే అవుతుంది.

నడుమ 3 మి.మీ.కి దిగడం మూడో సంగతి. చల్లటి టైరులో వెనక గాలి కంపెనీ స్టిక్కరు మీదున్నదానికన్నా 5 పీఎస్ఐ ఎక్కువ ఉంది. బంకులో "36 కొట్టు" అనడం అలవాటు. గాలి ఎక్కువైతే టైరు నడుమ ఉబ్బి అక్కడ అరుగుతుంది, నేలకు ఆనే చోటు కూడా తగ్గుతుంది.

ముందు కుడి బుడగ సంగతి వేరే. 235 వెడల్పులో 40 శాతమంటే సైడ్‌వాల్ ఎత్తు 94 మి.మీ. రంగు వెయ్యని స్పీడ్ బ్రేకరు, కల్వర్టు దగ్గర తెగిన తారు అంచు తగిలితే రిమ్ముకూ రోడ్డుకూ మధ్య సైడ్‌వాల్ ఇరుక్కుని నలుగుతుంది, లోపలి దారాలు తెగుతాయి. గాలి ఆ తెగిన చోటునుంచి తోసుకొని బుడగవుతుంది. దీనికి రిపేరు లేదు. ప్యాచ్ వేస్తామనేవాళ్లు ఉంటారు, ఒప్పుకోకూడదు. వైరు తేలిన టైరు, బుడగ ఉన్న టైరు రెండూ ఉన్నాయి కాబట్టి బండిని అక్కడే ఆపి, హైదరాబాదుకు ఫ్లాట్‌బెడ్ లారీ మీద పంపాలని నిర్ణయమైంది.

ఏ టైరు

బ్రాండు పేరుతో మొదలుపెడితే ఈ ఎంపిక తప్పుదారి పడుతుంది. ముందు బండి నడిచే చోటు చూడాలి. నల్లగొండలో మే నెలలో 45 డిగ్రీలు కొత్త కాదు. మధ్యాహ్నం తారు 60 దాటుతుంది. చలికాలం రాత్రి కూడా వేసవి టైరు గట్టిపడేంత చలి ఉండదు, ఆ గీత 7 డిగ్రీల దగ్గర. అందుకని ఆల్ సీజన్ టైరుతో ఇక్కడ ఒరిగేదేమీ లేదు, ఎండలో మెత్తబడి స్టీరింగు బద్ధకిస్తుంది. సెమీ స్లిక్ రకం ట్రాకు టైరు వానాకాలపు హైవేకు పనికిరాదు. కొత్తప్పుడే గాడి తక్కువ, వేడెక్కితేగాని పట్టు రాదు. గాలి పోయినా కొంత దూరం నడిచే రన్‌ఫ్లాట్ గట్టి సైడ్‌వాల్ ఈ సస్పెన్షన్ కోసం చేసింది కాదు. మిగిలింది అల్ట్రా హై పర్ఫార్మెన్స్ వేసవి టైరు. పిరెల్లి పీ జీరో, మిషెలిన్ పైలట్ స్పోర్ట్ 4 ఎస్, కాంటినెంటల్ స్పోర్ట్ కాంటాక్ట్, బ్రిడ్జ్‌స్టోన్ పొటెంజా స్పోర్ట్ ఈ తరగతివే.

ఓనరు ముందు నాలుగు దారులు పెట్టారు.

మొదటిది ఊళ్లో టైర్ల షాపు చెప్పింది: ముందు 245/40 ఆర్ 19, వెనక 275/35 ఆర్ 19. ఐదో సిరీస్ బీఎండబ్ల్యూ సైజులు కాబట్టి స్టాకు సులువుగా దొరుకుతుంది, "ఇంకా వెడల్పు, ఇంకా గ్రిప్" అని కూడా చెప్పారు. రిమ్ము మీద కూర్చుంటాయి, బరువు మోస్తాయి. లెక్క కడితే తేడా బయటపడుతుంది. 19 ఇంచులంటే 482.6 మి.మీ. దానికి రెండు సైడ్‌వాల్‌లు కలపాలి.

కంపెనీ సైజు ముందు: 482.6 + 94 + 94 = 670.6 మి.మీ.
కంపెనీ సైజు వెనక: 482.6 + 106 + 106 = 694.6 మి.మీ.
షాపు చెప్పిన ముందు: 482.6 + 98 + 98 = 678.6 మి.మీ.
షాపు చెప్పిన వెనక: 482.6 + 96.25 + 96.25 = 675.1 మి.మీ.

కంపెనీ లెక్కలో వెనక చక్రం ముందుదానికన్నా 3.6 శాతం పెద్దది. షాపు లెక్కలో వెనకది 0.5 శాతం చిన్నది. ముందు వెనకల నిష్పత్తి మొత్తం 4 శాతం పైనే జరిగింది. ఈ బండి స్టెబిలిటీ కంట్రోలు, ఏబీఎస్ నాలుగు చక్రాల వేగాలు పోల్చుకుంటూ పనిచేస్తాయి. వెనక చక్రం ఎప్పుడూ ఎక్కువ తిరుగుతున్నట్టు కనబడితే, జారుతోందనుకునే అవకాశం ఉంది. టైరు 7 మి.మీ. నుంచి 2 మి.మీ. దాకా అరిగితే వ్యాసం తగ్గేది 10 మి.మీ., అంటే ఒకటిన్నర శాతం. అంతవరకు సిస్టమ్ తట్టుకునేలా చేస్తారు. నాలుగు శాతం వేరే కథ. పైగా టైర్లలో గాలి ఎంతుందో చూపించే టీపీఎంఎస్ మెనూలో ఆ సైజు ఎంచుకునే వీలే ఉండదు. సైజు మార్చే టైరు కొనేముందు ఈ నాలుగు వరుసల లెక్క కాగితం మీద వేసుకుంటే చాలు, షాపుతో వాదన అక్కర్లేదు.

రెండోది: పాడైనవి మాత్రమే మార్చడం, అంటే వెనక రెండు, ముందు కుడి ఒకటి. ఒకే యాక్సిల్ మీద 3.5 మి.మీ. పాత టైరు, 7.5 మి.మీ. కొత్త టైరు పక్కపక్కన ఉంటాయి. ఒక యాక్సిల్ మీద లోతుల తేడా 30 శాతం దాటకూడదనేది పోర్షా నియమం. పైగా ఆ పాత టైరు ఎనిమిదేళ్లది. కుదరదు.

మూడోది: ఎన్ గుర్తు లేని, ఇదే సైజులో దొరికే మంచి టైరు, నాలుగూ ఒకే మోడలు. నాలుగోది: ఎన్ గుర్తున్న పిరెల్లి పీ జీరో, నాలుగూ.

ఎన్ గుర్తు గురించి రెండు మాటలు. ఎన్0, ఎన్1, ఎన్2 అనేవి పోర్షా తన బండ్ల మీద పరీక్షించి ఆమోదించిన టైరుకు వేసే గుర్తులు. అంకె పెరిగితే మంచి టైరని కాదు, అదే టైరులో తర్వాతి మార్పు అని. పైకి పేరు, గాడుల డిజైను ఒకటే ఉన్నా లోపలి దారాలు, రబ్బరు పాళ్లు వేరుగా ఉండొచ్చు. కాబట్టి ఎన్ ఉన్న పీ జీరోను, ఎన్ లేని పీ జీరోను కలపకూడదు. ఎన్0ను ఎన్1తో కూడా కలపకూడదు. ఎన్ లేకపోతే బండి కూలిపోతుందని చెప్పడం అతిశయోక్తి. నాలుగూ ఒకే మోడలు, ఒకే తరం, సరైన లోడు, వేగం గుర్తులతో ఉంటే ఎన్ లేని మంచి టైరు ఈ రోడ్లమీద నిక్షేపంగా నడుస్తుంది. ఈ బండి మీద దెబ్బ తీసింది ఎన్ లేకపోవడం కాదు. ముందు ఒకటి, వెనక ఒకటి కావడం, అలైన్‌మెంటు లేకపోవడం. అయినా నాలుగో దారినే తీసుకోవడానికి కారణం చాలా మామూలుది: ఆ వారం రెండు సైజులూ ఒకే ఎన్ కోడుతో, కొత్త తారీకులతో దొరికింది అదొక్కటే. మూడో దారిలో వెనక సైజు వచ్చింది, ముందు సైజు రాలేదు. 2020 జూన్ నుంచి కొత్త టైర్ల దిగుమతి మీద ఆంక్షలున్నాయి. అందుకే ఈ సైజుల్లో మనం టైరును ఎంచుకోవడం కన్నా, దొరికినవాటిలో తప్పుది కొనకుండా చూసుకోవడమే పెద్ద పని.

ధర విషయంలో ఒక చిన్న ఓపిక కలిసొచ్చింది. 2025 సెప్టెంబరు 22 నుంచి టైర్ల జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి దిగింది. అంతకు రెండు వారాల ముందే బండి ఆగి ఉంది కాబట్టి, ఆర్డరును ఆ తారీకు దాటాక పెట్టారు. అసలు ధర మారకపోతే బిల్లు మీద 7.8 శాతం తగ్గినట్టు.

టైరు చేతికొచ్చాక చదవాల్సినవి

బిగించాక తిప్పి పంపే వీలుండదు. మెషీను ఎక్కకముందే, టైర్లు నేలమీద ఉండగా చదవాలి.

ముందు టైరు మీద 92వై, వెనక టైరు మీద 98వై ఉండాలి. 92 అంటే ఒక్కో టైరు 630 కిలోలు, 98 అంటే 750 కిలోలు మోస్తుంది. బండి బరువు 1,400 కిలోల లోపే కాబట్టి చాలినంత ఉంది. వై అంటే గంటకు 300 కిలోమీటర్లు. (92వై) అని మొత్తం బ్రాకెట్లో ఉంటే 300 పైన కూడా అని. నాలుగు లేన్ల హైవే మీద కార్లకు కేంద్రం పెట్టిన గరిష్ఠ పరిమితే 100, ఇక 300తో పనేమిటని అడగొచ్చు. ఆ అక్షరం వేడి తట్టుకునే శక్తికి కూడా గుర్తు. మే నెల మధ్యాహ్నం, ఇద్దరు మనుషులు, సామాను, కాస్త తక్కువ గాలి: అప్పుడు మిగులు ఎంతుందో చెప్పేది అదే. కంపెనీ ఇచ్చిన అక్షరం కన్నా కిందికి దిగకూడదు.

ఐఎస్ఐ గుర్తు, దాని దగ్గర ఐఎస్ 15636 అనే అంకె సైడ్‌వాల్ మీద అచ్చయి ఉండాలి. కార్ల టైర్లకు ఇది మన దగ్గర తప్పనిసరి. లేకపోతే అది దొడ్డిదారి సరుకు. వారంటీ అడగడానికి మనిషి ఉండడు.

తయారీ తారీకు నాలుగు అంకెలు చాలా టైర్ల మీద ఒకేవైపు అచ్చవుతాయి. అది లోపలివైపు పడితే బిగించాక కనబడదు. ఈ కేసులో పట్టుబడింది ఇక్కడే. వెనక టైర్లలో ఒకదానిమీద 1525, రెండోదాని మీద 1122. సైజు ఒకటే, పేరు ఒకటే, మూడేళ్ల తేడా. ఎన్ కోడు కూడా ఒకటి తక్కువ. అమ్మినవాళ్లు "నీడలో పెట్టిందే సార్, కొత్తదే" అన్నారు. నీడలో పెట్టిన మూడేళ్ల టైరు చెడిపోయిందని కాదు. ఒకే యాక్సిల్ మీద రెండు తరాలు వెయ్యడం ఒప్పుకోలేదు. తిప్పి పంపితే తొమ్మిది రోజులకు 1825 వచ్చింది.

బిగింపు

బండి ఎత్తు తక్కువ. లిఫ్టు చేతులు కిందికి దూరడానికి ముందు చక్రాల కింద రెండు చెక్క పలకలు వేసి ఎక్కించాలి. జాకీ పాయింట్లు నాలుగే. సిల్లు అంచున ట్రాలీ జాకీ పెడితే మెటల్ మడుస్తుంది. రబ్బరు ప్యాడు వేసి ఆ నాలుగు చోట్లే ఎత్తాలి.

దీనికి నట్లు కాదు, బోల్టులు. ఒక్కో చక్రానికి ఒక లాక్ బోల్టు ఉంటుంది, దాని తలకు సరిపడే అడాప్టరు టూల్ కిట్‌లో ఉంటుంది. సెకండ్ హ్యాండ్ బండి కొన్నప్పుడు అది ఉందో లేదో చూసుకోనివాళ్లు టైరు షాపులో ఇరుక్కుంటారు. బోల్టులన్నీ తీస్తే చక్రం పట్టు లేకుండా జారి బ్రేకు డిస్కుకు తగులుతుంది. అందుకని పై బోల్టు తీసి అక్కడ గైడు పిన్ను బిగించి, ఆ తర్వాతే మిగతావి తియ్యాలి.

బీడ్ (రిమ్మును పట్టుకునే టైరు అంచు) విడదీసేటప్పుడు వాల్వుకు ఎదురువైపు నుంచి మొదలుపెట్టాలి. లోపల వాల్వును అంటిపెట్టుకొని టీపీఎంఎస్ సెన్సారు ఉంటుంది. లివరు దానిమీద పడితే పగులుతుంది. 40 ప్రొఫైలు సైడ్‌వాల్‌ను ఉత్త లివరుతో వంచితే బీడ్ చిరుగుతుంది. పక్క చెయ్యి ఉన్న మెషీనే కావాలి. బట్టల సబ్బు నీళ్లు, డీజిలు రెండూ వద్దు, టైరు పేస్టు ఒక్కటే. బీడ్ కూర్చోబెట్టడానికి గాలి టైరు మీద రాసిన హద్దు దాటించకూడదు. కూర్చోకపోతే గాలి తీసి మళ్లీ పేస్టు రాయాలి తప్ప ఇంకా కొట్టకూడదు. అవుట్‌సైడ్ అన్న ముద్ర బయటికి. పసుపు చుక్క టైరులో తేలికైన చోటు, దాన్ని వాల్వు పక్కనే పెడితే బ్యాలెన్సింగు బరువులు తక్కువ పడతాయి.

బుడగ వచ్చిన చక్రం రిమ్మును డయల్ గేజీతో చూస్తే ఊగుడు 0.5 మి.మీ. మాత్రమే. వాడుకోవచ్చు.

బోల్టులు చేత్తో తిప్పి కూర్చోబెట్టి, టార్క్ రెంచితో ఎదురెదురు వరుసలో 160 న్యూటన్ మీటర్లు. గాలి గన్నుతో చివరిదాకా బిగించడం మన షాపుల్లో మామూలు అలవాటు. ఈ అలాయ్ చక్రానికి, బోల్టు గుండ్రటి తలకు అది చెరుపు. 50 కిలోమీటర్ల తర్వాత మళ్లీ చూశారు, ఏదీ కదల్లేదు.

సెన్సార్లు బండితో వచ్చినవి, ఏడేళ్లు దాటాయి. వాటి బ్యాటరీ మార్చే వీలుండదు. ఓనరు ముందు ఒద్దన్నారు. వెనక కుడి సెన్సారు సిగ్నలు ఇవ్వకపోవడంతో నాలుగూ మార్చారు. ఒక్కటే మారిస్తే మిగతా మూడింటికి మళ్లీ టైర్లు విప్పాలి. ఆ కూలీ, బీడ్ మీద ఆ అదనపు రాపిడి దేనికి.

అలైన్‌మెంటు

కొత్త టైర్లు వేశాకే చెయ్యాలి, పాత వంకర టైర్ల మీద కొలతలు నమ్మలేం. పెట్రోలు ట్యాంకు నిండా, డ్రైవరు లేకుండా, గాలి స్టిక్కరు ప్రకారం. ముందుగా సస్పెన్షన్ బుష్‌లు పట్టుకొని ఊపి చూశారు, వదులు లేదు.

వెనక ఎడమ చక్రం కొద్దిగా బయటికి చూస్తోంది. అది లోపలికి ఉండాలి. వెనక ఎడమ క్యాంబర్ కుడిదానికన్నా దాదాపు అర డిగ్రీ ఎక్కువ. మొదట వెనక క్యాంబర్, తర్వాత వెనక టో, అటుపైన ముందు టో, ఈ వరుస తప్పకూడదు. క్యాంబర్ కదిపితే టో కదులుతుంది. వెనక కదిపితే బండి నడిచే గీత మారుతుంది. క్యాంబరును కంపెనీ ఇచ్చిన హద్దుల్లోనే, తక్కువ నెగెటివ్ వైపు రెండు చక్రాలకూ సమానంగా పెట్టారు. ట్రాకు బండికి ఎవరూ అలా చెయ్యరు. ఏడాదిలో ఎక్కువ భాగం తిన్నటి హైవే మీద నడిచే బండికి లోపలి అంచు బతకడం ముఖ్యం. ఘాటు మలుపుల్లో పోయే పట్టు ఓనరుకు తెలిసేంత ఉండదు.

ఒక తేడా

డెలివరీ రోజునే 95 దగ్గర స్టీరింగులో వణుకు. టైరు చెడ్డదని అనుమానించడం సులువు. విప్పి చూస్తే ముందు ఎడమ చక్రం 25 గ్రాములు తేడా చూపించింది. కారణాలు రెండు. పాత బరువుల జిగురు రిమ్ము లోపల ఒక పొరగా అలాగే ఉంది, కొత్త బరువు దానిమీదే అంటించారు, అది జరిగింది. బ్యాలెన్సింగు మెషీను మీద చక్రాన్ని మధ్యలో నిలిపే కోనును బయటినుంచి పెట్టారు. అలాయ్ నడిమి రంధ్రం సరిగ్గా కూర్చునేది లోపలి ముఖం మీద. జిగురు స్పిరిటుతో తుడిచి, కోను వెనకనుంచి పెట్టి మళ్లీ చేస్తే 5 గ్రాముల లోపుకు వచ్చింది, వణుకు పోయింది. ఒకసారి బ్యాలెన్సు చేశాక చక్రాన్ని మెషీను మీదే వదులు చేసి, సగం తిప్పి మళ్లీ బిగించి కొలిస్తే ఇలాంటి తప్పు అక్కడికక్కడే దొరుకుతుంది. రెండు అంకెలూ కలవకపోతే చక్రం మధ్యలో కూర్చోలేదన్నమాట.

గాలి, రోడ్డు

బంకు గేజీలు ఒకదానికొకటి రెండు మూడు పీఎస్ఐ తేడా చూపిస్తాయి. సొంత డిజిటల్ గేజీ ఒకటి, చిన్న పంపు ఒకటి ఇంట్లో ఉండాలి. పొద్దున్నే, ఎండ తగలకముందు, బండి కదలకముందు కొలవాలి. గాలి వేడి 10 డిగ్రీలు పెరిగితే ఈ టైరులో ఒకటిన్నర పీఎస్ఐ పెరుగుతుంది. 25 డిగ్రీల ఉదయం సరిగా పెట్టిన టైరు, మే మధ్యాహ్నం చిట్యాల చేరేసరికి ఐదారు పీఎస్ఐ ఎక్కువ చూపడం సహజం. దాన్ని చూసి గాలి తీసేస్తే మర్నాడు పొద్దున తక్కువైన గాలితో బయలుదేరినట్టు. ఆగి ఉన్నప్పుడు టీపీఎంఎస్ పేజీ వేడిని లెక్కలోకి తీసుకొని ఎంత ఎక్కువ తక్కువో చూపిస్తుంది. దారిలో దాన్నే నమ్మాలి. టైర్లు మార్చాక ఆ మెనూలో టైరు రకం, సైజు మళ్లీ ఎంచుకోవాలి. కొన్ని నిమిషాలు నడిపాక సెన్సార్లను గుర్తుపడుతుంది. నైట్రోజను పెట్టించుకుంటే తప్పు లేదు, డబ్బులిచ్చి వెతుక్కుంటూ పోవాల్సినంత లాభమూ లేదు.

మొదటి 200 కిలోమీటర్లు నెమ్మదిగా. అచ్చులోంచి టైరు ఊడి రావడానికి పూసిన పదార్థం పైన ఇంకా ఉంటుంది. ఈ బండి డెలివరీ అయింది అక్టోబరులో, ఆ వెంటనే వరికోతలు. మిర్యాలగూడ, నకిరేకల్ వైపు రోడ్డు మీద సగం లేను వడ్లు ఆరబోసి ఉంటాయి. గింజల మీద ఏ కంపెనీ టైరూ పట్టదు. బ్రేకు, స్టీరింగు ముట్టకుండా, గింజలు ఎక్కకముందే వేగం దించుకోవడమే.

స్టెప్నీ లేని బండి. డిక్కీలో సీలెంటు సీసా, కంప్రెసరు ఉంటాయి. సీసా మీద గడువు తారీకు చూస్తే ఎప్పుడో అయిపోయింది, కొత్తది పెట్టారు. సీలెంటు వాడితే 80 దాటకుండా షాపుకు చేరాలి, ఆ టైరు మళ్లీ నమ్మకూడదు. రోడ్డు పక్క పంక్చరు తాడు ఇంటికి చేరడానికే.

3,000 కిలోమీటర్ల తర్వాత, జనవరిలో కొలతలు: వెనక ఎడమ బయట 6.6, నడుమ 6.4, లోపల 6.3. వెనక కుడి బయట 6.6, నడుమ 6.4, లోపల 6.4. కొత్తప్పుడు అన్నీ 7.0. రంపం తగలడం లేదు. తర్వాతి కొలత 8,000 దగ్గర, లోపలి గాడి బయటిదానికన్నా 1 మి.మీ. దిగితే అలైన్‌మెంటు మళ్లీ. వెనక టైర్లు ఏ గాడిలోనైనా 3 మి.మీ.కి వస్తే, ఆ ఏడు వానాకాలం రాకముందే మార్చాలని ఓనరుకు సర్వీసు పుస్తకంలో రాసిచ్చారు.